ఆచార్య సూరి భగవంతము గారు

మన గోదావరిఖని గనులనుండి వెలువడు బొగ్గునకును, పూర్వము కృష్ణాతీరమున కొల్లూరులో దొరకిన వజ్రమునకును ప్రధానమైన మూలకము కర్బనమే. పరమాణువుల కూర్పు వేరగుటచేత గుణములును వేరైనవి. ఆ కూర్పునుబట్టి స్ఫటికములోని కంపనములు ఎన్ని విధములో లెక్కించు శాస్త్రమునకు కీర్తి తెచ్చిన ఆంధ్రుడు ఆచార్య సూరి భగవంతము గారు.

వీరు 1909వ సంవత్సరమున కృష్ణా మండలమందలి ఆగిరిపల్లిలో జన్మించిరి. హైదరాబాదు నిజాం కళాశాలలో పట్టభద్రులై, 1928లో కలకత్తా చేరి, రామన్ పండితునికడ పరిశోధన మొదలిడిరి. రామన్ ఫలితము లోకమునకు వెల్లడియైన సంవత్సరమదియే.

వజ్రములో ప్రతి పరమాణువునకు నాలుగు వైపుల నాలుగు పరమాణువులు పొరుగున నుండును. అవి సెకండునకు సుమారు 40 లక్షల కోట్ల పర్యాయములు కంపించును. వజ్రముచే చెదరిన కాంతిలో దీనిని తెలుపు ముఖ్యరేఖ యొక్కటియే కనబడును. ఒక్కటియే యేల? కూర్పులోని సౌష్ఠవమే దీనికి కారణము. భగవంతము గారు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఆచార్యులై, టి. వేంకటరాయుడు గారితో కలిసి, సమూహ సిద్ధాంతమను గణితముచే ఇట్టి ప్రశ్నలను సాధించు మార్గమును 1948లో గ్రంథముగా వెలువరించిరి.

ఈ లెక్కలవలన కూడు దొరకునాయని ఆనాడెవరైన అడిగియుండిన, వెంటనే చూపదగిన ఫలమల్పమే. కాని వజ్రమువంటి కూర్పే గల సిలికాన్ అను అర్ధవాహకము నేడు ఎన్నో గడియార యంత్రములలోను, దూరవాణిలోను ఉన్నది. అందు జొరబడిన హైడ్రోజన్ పరమాణువు మిక్కిలి తేలికయగుటచే, చుట్టునున్న సిలికాన్ పరమాణువుల గరిష్ఠవేగమునకు సుమారు నాలుగురెట్లు త్వరగా కంపించును. పొరుగువారిలో ఏ యొక్కరును ఆ శక్తిని ఒంటరిగా స్వీకరింపజాలరు. అది పలు కంపనములుగా చీలిననే చల్లారును. కావున దాని ఆయువు స్థానమునుబట్టి మారును. సెకండులో లక్ష కోట్లవ వంతును పికోసెకండందురు. కొన్ని స్థానములలో ఆ ఆయువు 10 పికోసెకండులకు లోపు. మరికొన్నిట వందల పికోసెకండులు. 2000 ప్రాంతమునుండి లేసరు కాంతితో దీనిని కొలిచిన వారికిని, ఏ కంపనము ఏ సౌష్ఠవము గలదో తెలిసికొనుటకు సమూహ సిద్ధాంతమే సాధనము.

భగవంతము గారు 1952 నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగను, 1957 నుండి బెంగుళూరు భారతీయ విజ్ఞానసంస్థకు నిర్దేశకులుగను, పిమ్మట 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్రసలహాదారుగను పనిచేసి, 1989లో దివంగతులైరి.

తలిదండ్రులారా, చదువునకు ఉద్యోగమును కోరుట తప్పుగాదు. ఐనను బిడ్డ ఒక ప్రశ్నను విడువక పట్టుకొనినయెడల, దాని ధరను నేడే నిర్ణయింపకుడు. విద్యార్థులారా, మన యూరిలో భూమినుండి సంపదను వెలికిదీయుటయే వృత్తి. దేవుడు మీకప్పగించిన తలాంతును మాత్రము భూమిలో పాతిపెట్టకుడు.