సంధ్యవేళా సడలని విశ్వాసం

ధవళేశ్వరం వద్ద గోదావరిలో స్నానమాచరించి, దోసిలి నిండా నీరు తీసుకుని సూర్యునికి అర్ఘ్యం విడిచే వేళ ఒక్కసారి తల ఎత్తి చూడండి. అక్కడ నదికి అడ్డంగా నిలిచిన బ్యారేజీ సర్ ఆర్థర్ కాటన్ పేరు మోస్తున్నది. గోదావరి సీమలో కాటన్ దొర కథ తెలియని ఇల్లు లేదు. అపర భగీరథుడని ఆయనను కొనియాడుతాం. అయితే ఆనకట్ట పూర్తయిన తరువాత ఆయన మరో 47 సంవత్సరాలు జీవించారనీ, ఆ సుదీర్ఘమైన వార్ధక్యంలోనే ఆయన విశ్వాసానికి అసలైన పరీక్ష ఎదురైందనీ మనలో ఎందరికి తెలుసు?

ఆర్థర్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో జన్మించారు. పదునెనిమిదేళ్ల ప్రాయంలో, 1821లో ఇంజనీరుగా మద్రాసు చేరారు. యౌవనంలోనే క్రైస్తవ ధర్మం పట్ల గాఢమైన నిష్ఠ ఏర్పడింది. బైబిలు పఠనం, ప్రార్థన ఆయన జీవితంలో భాగమయ్యాయి. మనం నిత్యానుష్ఠానం అంటామే, అటువంటిదే అది. ఆయన విశ్వాసం ప్రార్థన గదికి పరిమితం కాలేదు. దేవుడు కురిపించిన వర్షం సముద్రం పాలవుతుంటే ఒడ్డున మనుషులు ఆకలితో మరణించడం ఆయన దృష్టిలో దైవప్రసాదాన్ని నేలపాలు చేయడమే.

నందన కరువు గురించి మీ పెద్దలు చెప్పగా వినే ఉంటారు. 1833 నాటి ఆ క్షామం గుంటూరు ప్రాంతాన్ని శ్మశానంగా మార్చింది. 1839లో ఉప్పెన కోరింగ తీరాన్ని ముంచెత్తింది. గోదావరి పక్కనే ప్రవహిస్తున్నా పొలాలు బీళ్లయ్యాయి. ఈ దుస్థితిని పరిశీలించిన కాటన్ 1844లో ఆనకట్ట ఆవశ్యకతను ప్రభుత్వానికి నివేదించారు. 1847లో పని ఆరంభమై 1852 నాటికి పూర్తయింది. ఇసుక మీద పునాది నిలపడం ఎట్లాగో తాను కావేరిపై ప్రాచీన చోళులు కట్టిన కల్లణై చూసి నేర్చుకున్నానని ఆయన దాచుకోలేదు. ఆ మహాకార్యంలో వీణెం వీరన్న వంటి తెలుగువారు ఆయనకు అండగా నిలిచారు. అనారోగ్యం పలుమార్లు కుంగదీసినా ఆయన సంకల్పం చెదరలేదు.

ఇంతవరకు మనం ఎరిగిన కథ. ఇక ఎరుగని కథ వినండి.

1860లో, 57 ఏళ్ల వయసులో, కాటన్ ఉద్యోగ విరమణ చేశారు. మరుసటి ఏడాది సర్ బిరుదు లభించింది. అక్కడితో కథ ముగిసి ఉంటే సుఖాంతమే. కానీ కాలువల వల్లనే భారతదేశం క్షామాన్ని జయించగలదని ఆయన గట్టిగా నమ్మారు. నాటి ప్రభుత్వం మాత్రం రైలు మార్గాలవైపు మొగ్గింది. ఆయన ప్రోత్సహించిన కర్నూలు - కడప కాలువ ఆర్థికంగా నష్టాల పాలైంది. ఒకనాడు పొగిడిన నోళ్లే వృద్ధుని పంతమని తీసిపారేశాయి.

1876లో ధాత కరువు దక్షిణాదిని కబళించింది. లక్షలాది ప్రాణాలు పోయాయి. నీరందిన గోదావరి డెల్టా మాత్రం నిలదొక్కుకుంది. తన మాట నిజమైందని గర్వించవలసిన ఘట్టం కాదది. తన మాట వినివుంటే ఎందరు బ్రతికేవారో అని కుమిలిపోవలసిన ఘట్టం. 1878లో బ్రిటిష్ పార్లమెంటు ఒక విచారణ సంఘాన్ని నియమించింది. 75 ఏళ్ల కాటన్ ఆ సంఘం ఎదుట కూర్చుని ప్రశ్నలన్నింటికీ సమాధానాలిచ్చారు. సంఘం ఆయన వాదాన్ని అంగీకరించలేదు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. వయసులో ఉన్నప్పుడు భక్తి సులభం. ఒంట్లో సత్తువ ఉంటుంది, చేసిన పనికి ఫలితం కనిపిస్తుంది, నలుగురూ మెచ్చుకుంటారు. ముసలితనంలో ఇవన్నీ ఒక్కొక్కటే జారిపోతాయి. చెప్పిన మాట వినేవారుండరు. అప్పుడు మనసులో చేదు చేరుతుంది. ఇన్నేళ్లు కొలిచినందుకు దేవుడు ఏమిచ్చాడన్న ప్రశ్న తలెత్తుతుంది. మన ఇళ్లలోని పెద్దలలో ఎందరో ఈ ప్రశ్నను పైకి అనలేక లోలోపలే మోస్తుంటారు.

కాటన్ ఆ చేదును దరిచేరనివ్వలేదు. ప్రార్థన విడువలేదు, పని విడువలేదు. 73వ ఏట అరబ్బీ భాష నేర్చుకునేవారి కోసం ఒక వాచకం ప్రచురించారు. డార్కింగ్ పట్టణంలోని తన ఇంటి తోటలో నేలను లోతుగా తవ్వి గోధుమ పండిస్తూ, తక్కువ భూమిలో ఎక్కువ ధాన్యం తీయడమెట్లాగో ప్రయోగాలు చేశారు. ఆనకట్ట కట్టిన చేతులు చిన్న మడిని సాగు చేయడానికి సిగ్గుపడలేదు. తొంభై దాటినా పేదవాని కంచంలో అన్నం గురించిన చింత ఆయనను వీడలేదు. ఫలితాన్ని ఆశించక కర్తవ్యం చేయమని గీత బోధించిన మార్గాన్నే ఆయన తన మతంలో ఉంటూ నడిచి చూపారనడంలో అతిశయోక్తి లేదు.

1899 జూలై 24న, 96 ఏళ్ల పరిపూర్ణ వయసులో, డార్కింగ్‌లో ఆయన కన్నుమూశారు. నాటి పాలకులు త్రోసిపుచ్చిన వృద్ధుని గోదావరి తీరం మరువలేదు. స్నాన సంకల్పంలో ఆయనను స్మరించిన పండితులున్నారని పెద్దలు చెబుతారు. అన్యమతస్థుని తమ సంకల్పంలో నిలుపుకున్న ఆ సంస్కారం మనది.

ఈ సాయంత్రం దీపం వెలిగించే వేళ మీ ఇంటి పెద్దవారి పక్కన కాసేపు కూర్చోండి. వారి అనుభవం అడగండి, వారి చేతికి ఒక చిన్న పని అప్పగించండి. మీరే ఆ వయసులో ఉంటే, చేయగలిగినంత చేసి మిగిలినది దైవానికి వదలండి. నూనె తగ్గినా వత్తి వెలుగుతూనే ఉండాలి. భక్తికి పదవీ విరమణ లేదు.