కృష్ణదేవిపేట ఎరిగిన రాజు

ఏటా జూలై 4న మన గోదావరి జిల్లాల్లో అల్లూరి సీతారామరాజు విగ్రహాలకు పూలదండలు పడతాయి. 2022లో భీమవరంలో 30 అడుగుల కంచు విగ్రహం నిలిచింది. అదే ఏడాది పాడేరు కేంద్రంగా ఏర్పడిన జిల్లాకు ఆయన పేరే పెట్టారు. మండపేటలోనైనా రాజమండ్రిలోనైనా విల్లంబులు పట్టుకున్న ఆ బొమ్మను గుర్తుపట్టని పిల్లవాడు ఉండడు. ఆయన చుట్టూ ఉన్న ఊళ్ల సంగతి మాత్రం మనకు అంతగా తెలియదు. అందుకే ఈ వారం ఆయన కథను కృష్ణదేవిపేట అనే ఊరి వైపు నుంచి చెప్పదలచాం.

ఆయన మొదట మన డెల్టా బిడ్డే. 1897లో పుట్టింది విశాఖ జిల్లా పాండ్రంగిలో, అమ్మమ్మగారింట. సొంతూరు భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి వెంకటరామరాజు ఫోటోలు తీసేవారు. 1908 గోదావరి పుష్కరాలప్పుడు రాజమండ్రిలో కలరా సోకి ఆయన చనిపోయారు. అప్పటికి రాజుకు పదకొండేళ్లు. రెవెన్యూ ఉద్యోగి అయిన పినతండ్రి రామకృష్ణంరాజు అండతో చదువు సాగింది గానీ ఏ ఊళ్లోనూ కుదురుకోలేదు. నరసాపురం, మన పక్కనున్న రామచంద్రపురం, కాకినాడ, విశాఖపట్నం, తుని, ఇలా బడులు మారుతూనే పోయాయి. చివరికి చదువు వదిలేసి ఉత్తరాది తీర్థాలు తిరిగి, 1917లో కృష్ణదేవిపేట చేరాడు.

మైదానం అయిపోయి మన్యం మొదలయ్యే చోట, తాండవ నది దగ్గర ఉంటుంది ఆ ఊరు. ఇప్పుడు అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలోకి వస్తుంది. చిటికెల భాస్కరుడు అనే ఊరి పెద్ద కుటుంబం ఆ కుర్ర సన్యాసికి ఆసరా ఇచ్చింది. ఆకుపసరులతో వైద్యం చేయడం, జాతకాలు చూడడం, తగవులు తీర్చడం ఆయన పని. కొండల మీది నుంచి జనం ఆయన్ను వెతుక్కుంటూ వచ్చేవారు.

వాళ్లు ఒక్క జ్వరాలకు మందు కోసమే రాలేదు. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక, తాతల నాటి పోడు నేరమైపోయింది. వంటచెరకు ఏరుకున్నా గార్డుకు జవాబు చెప్పాలి. అంతకు ముందు 1879లో, జీలుగు కల్లు మీద కూడా పన్ను వేస్తే, రంప కొండల్లో ఫితూరీ లేచింది. దాన్ని సైన్యంతో అణిచారు. ఆ జ్ఞాపకం ఇంకా చెరిగిపోకముందే గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి రోడ్డు వేయించసాగాడు. కొండవాళ్లను బలవంతంగా పనిలోకి దించారు. కూలి సరిగా ముట్టలేదు. ఆ బాస్టియన్‌తో పడకే బట్టిపనుకుల మునసబు గాం గంటందొర ఉద్యోగం, భూమి రెండూ పోగొట్టుకున్నాడు. (తెల్లవాళ్లనూ దొరలనే పిలిచాం మనం. కొండల్లో ఆ మాట వీళ్ల ఇంటిపేర్లలా వంశాలుగా నడిచింది.) గంటందొర, తమ్ముడు మల్లుదొర రాజుకు కుడిఎడమ భుజాలయ్యారు.

సహాయ నిరాకరణ రోజుల్లో రాజు కల్లు మానమని, కోర్టులు విడిచి పంచాయతీలకు రమ్మని చెప్పాడు. ప్రభుత్వానికి అనుమానం వచ్చింది. కొన్నాళ్లు నిఘాలో ఉంచారు. పోలవరం డిప్యూటీ కలెక్టరు ఫజులుల్లాఖాన్ ఆయన పట్ల దయ చూపాడు. ప్రభుత్వ ఉద్యోగుల్లో అలాంటివారూ ఉన్నారని చెప్పకపోతే కథ సగమే అవుతుంది.

1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషను మీద పడ్డారు. మర్నాడు కృష్ణదేవిపేట స్టేషను, ఆ మర్నాడు రాజవొమ్మంగి. తుపాకులు, తూటాలు పట్టుకుపోతూ ఏమేం తీసుకున్నారో స్టేషను పుస్తకంలోనే రాసి సంతకం పెట్టడం రాజు పద్ధతి. ఐదేళ్లుగా మందు ఇచ్చిన చేత్తో ఆయన తుపాకీ పట్టడం ఊరు చూసింది.

సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో ముందు నడిచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, తెల్ల అధికారులు స్కాట్ కవర్డ్, హైటర్‌లను కాల్చి చంపారు. వాళ్ల సమాధులు నర్సీపట్నంలో ఉన్నాయి. ఆ రాళ్ల దగ్గర ఒక్క నిమిషం నిలబడడం కూడా ఈ చరిత్రలో భాగమేనని మా అభిప్రాయం. వాళ్లు ఏ పక్షాన ఉన్నా, ఎక్కడో ఒక ఇంట్లో వాళ్లకోసం ఏడ్చినవాళ్లు ఉంటారు.

ఆ తరువాతి కాలమే ఊళ్లకు అసలు కష్టకాలం. మలబారు స్పెషల్ పోలీసులు దిగారు. డిసెంబరు 6న పెద్దగడ్డపాలెం దగ్గర లూయీ గన్ల ముందు తిరుగుబాటుదారులు దెబ్బతిన్నారు. 1924 జనవరిలో అస్సాం రైఫిల్స్ వచ్చింది. రాత్రి రాజు మనుషులకు అన్నం పెట్టిన గుడిసె తెల్లారి పోలీసులకు జవాబు చెప్పాలి. పెట్టనంటే అతిథిని, అందులోనూ తన కొడుకునో తమ్ముణ్నో తరిమినట్టు. దారి చూపడానికి, మూటలు మోయడానికి మగవాళ్లను పట్టుకుపోతే పోడు చేలు ఎవరు చూస్తారు? డెల్టాలో మనం వరి కోసుకుంటున్న ఆ రెండేళ్లూ కొండల మీద బతుకు ఇలా గడిచింది. మన్యం యుద్ధమంటే మనకు విల్లూ గుర్రమూ గుర్తొస్తాయి. మాకైతే ఖాళీ అయిన ఆ గాదెలు కూడా గుర్తుకు రావాలనిపిస్తుంది.

ఏప్రిల్‌లో రూథర్‌ఫర్డ్ ప్రత్యేక కమిషనరుగా వచ్చాక పట్టు బిగిసింది. 1924 మే 7న మంప దగ్గర ఒక కుంటలో స్నానం చేస్తుండగా రాజు పట్టుబడ్డాడు. విచారణ జరగలేదు. కొయ్యూరులో మేజరు గుడాల్ సమక్షంలో చెట్టుకు కట్టి కాల్చారు. అప్పటికి ఆయనకు 27 ఏళ్లు నిండలేదు. శవాన్ని కృష్ణదేవిపేటకే తెచ్చి, ఫోటో తీసి, మర్నాడు తాండవ ఒడ్డున దహనం చేశారు. ఊరికి వైద్యుడిగా వచ్చినవాణ్ని ఊరే చివరిసారి చూసింది.

నెల తిరిగేసరికి, జూన్ 7న, గంటందొర కూడా తూటాలకు పడిపోయాడు. అంతకుముందే దొరికిపోయిన మల్లుదొర ఏళ్లకొద్దీ జైల్లో గడిపాడు. 1952 ఎన్నికల్లో విశాఖపట్నం నుంచి స్వతంత్రుడిగా గెలిచి మొదటి లోక్‌సభలో కూర్చున్నాడు. ఆయన పేరుతో మన వీధుల్లో విగ్రహాలు కనబడవు.

ఇప్పుడు చలికాలం వస్తే మన డెల్టా నుంచి కార్లూ బస్సులూ కట్టుకుని లంబసింగి మంచు చూడడానికి వెళ్తున్నాం. నర్సీపట్నం దాటాక కొండెక్కే ఆ దారి, కూలి ముట్టని చేతులు తవ్విన దారే.