సుబ్బరామ దీక్షితులు

సుబ్బరామ దీక్షితులు (1839 - 1906) కర్ణాటక సంగీత విద్వాంసుడు, వైణికుడు, వాగ్గేయకారుడు, సంగీత శాస్త్ర గ్రంథకర్త. సంగీత త్రిమూర్తులలో ఒకడైన ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులకు ఈయన దౌహిత్రుడు, దత్తపుత్రుడు. నేటి తమిళనాడులోని ఎట్టయపురం సంస్థానంలో ఆస్థాన విద్వాంసుడుగా ఉండి, 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అనే బృహద్గ్రంథాన్ని తెలుగులో వెలువరించాడు. అంతవరకు నోటి ద్వారానే సాగిన రచనలను స్వరలిపితోను, కర్త పేరుతోను అచ్చులో నిలిపిన గ్రంథంగా ఇది ప్రసిద్ధి పొందింది.

బాల్యం, విద్య

ఈయన తిరువారూరులో జన్మించాడు. మొదటి పేరు బాలసుబ్రహ్మణ్య శర్మ. బాలుస్వామి దీక్షితులకు పుత్రసంతానం లేనందున, కుమార్తె కొడుకైన ఈ బాలుని అయిదవ ఏట దత్తత తీసుకొని ఎట్టయపురం తీసుకువెళ్ళాడు. అక్కడ వీణ, గాత్రం, తెలుగు, సంస్కృతం అభ్యసించాడు. ఎట్టయపురం పాలకులు తెలుగు మూలాలు గలవారు. పైగా తంజావూరు నాయకరాజుల కాలం నుండి తమిళదేశంలో సంగీతానికి తెలుగే ప్రధాన భాషగా ఉండేది. అందువల్ల దీక్షితులు తన గ్రంథాన్ని తెలుగులో వ్రాయడం ఆనాటివారికి వింత కాదు.

పదిహేడవ ఏట దర్బారు రాగంలో ఒక తానవర్ణం రచించి సభలో వినిపించాడు. ఇంత పిన్నవాడు ఇటువంటి రచన చేయగలడా, తాతగారే చేసి ఇచ్చి ఉంటారని ప్రభువు సందేహించాడట. పరీక్ష కోసం కొన్ని నిబంధనలు విధించి ఒక జతిస్వరం రచించమనగా, అది పూర్తిచేసి సన్మానం పొందాడని చెబుతారు. వర్ణంలోను, కీర్తనలోను సాహిత్యం ఉంటుంది కనుక వాగ్గేయకారుడు తన ముద్రను అందులో పొదగవచ్చు. ముత్తుస్వామి దీక్షితులకు గురుగుహ ముద్ర అటువంటిదే. జతిస్వరంలో మాటలే లేవు, కనుక ముద్రకు చోటు లేదు. అటువంటి రచన ఎవరిదో చెప్పాలంటే పక్కన పేరు వ్రాసి ఉంచడం తప్ప దారి లేదు. పందొమ్మిదవ ఏట ఈయన ఆస్థాన విద్వాంసుడయ్యాడు.

గ్రంథ రచనకు ప్రేరణ

మద్రాసు సచివాలయ ఉద్యోగి ఏ. ఎం. చిన్నస్వామి ముదలియారు త్యాగరాజాదుల కృతులను పాశ్చాత్య స్వరలిపిలో వ్రాసి 1890లలో ప్రచురించసాగాడు. ఆ పనిలో ఆయన ధనం, కంటిచూపు రెండూ క్షీణించాయి. ముత్తుస్వామి దీక్షితుల కృతుల శుద్ధపాఠాలు సుబ్బరామ దీక్షితుల వద్ద ఉన్నాయని తెలిసి, వాటిని లోకానికి ఇవ్వవలసిందిగా కోరాడు. దీక్షితులు మొదట వెనుకాడాడు. వంశంలో గురుశిష్య పరంపరగా వచ్చిన విద్యను అచ్చువేస్తే అది ఎవరి చేతిలోనైనా పడుతుంది, సంశయం సహజమే. 1899 ప్రాంతంలో ముదలియారు ఎట్టయపురం ప్రభువు ద్వారా మళ్ళీ అడిగించాడు. ప్రభువు ఆజ్ఞతో దీక్షితులు పూనుకున్నాడు. 1901లో మొదలైన పని 1904లో ముగిసింది. ఎట్టయపురంలోని విద్యావిలాసినీ ముద్రాక్షరశాల దీనిని ముద్రించింది.

సంగీత సంప్రదాయ ప్రదర్శిని

సుమారు 1,700 పుటలున్న ఈ గ్రంథంలో ముత్తుస్వామి దీక్షితుల కీర్తనలే 229 ఉన్నాయి. శార్ఙ్గదేవుని మొదలుకొని తన కాలం వరకు 76 మంది చరిత్రలను వాగ్గేయకార చరిత్రమనే భాగంలో చేర్చాడు. తన జీవితాన్ని కూడా అందులోనే వ్రాసుకున్నాడు.

ఒక్కొక్క రాగానికి ముందు లక్షణం, తరువాత గీతం, కీర్తన మొదలైన రచనలు, చివర దీక్షితులే కూర్చిన సంచారి వస్తాయి. ప్రతి రచనకు పైన దాని రకం, తాళం, కర్త పేరు ఉంటాయి. నేడు కంప్యూటరులో ఉత్త అక్షరాలతో సంగీతం వ్రాసే ఏబీసీ స్వరలిపి వంటి పద్ధతులలో స్వరాలకు ముందు శీర్షిక, తాళమానం, స్వరకర్త పేరు, హక్కుల వివరం వ్రాయడానికి ప్రత్యేకమైన పంక్తులుంటాయి. హక్కుల మాట మినహాయిస్తే దీక్షితులు తెలుగు అచ్చులో చేసింది అదే పని. కంపితం, స్ఫురితం, నొక్కు, జారు వంటి గమకాలకు వేర్వేరు గుర్తులు కూడా వాడాడు. జారుకు ఏటవాలు గీత గుర్తు. స్వరం పైకి జారితే ఒక వైపుకు, కిందికి జారితే రెండవ వైపుకు వాలుతుంది. మారుమూల జమీందారీ పట్టణంలో ఇన్ని గుర్తులతో అచ్చు కూర్చడం ఎంత శ్రమో ఊహించవచ్చు.

సాహిత్యం ఒకరిది, వర్ణమెట్టు మరొకరిది అయిన రచనలు కూడా ఇందులో ఉన్నాయి. కృష్ణస్వామి అయ్య సాహిత్యానికి దీక్షితులే స్వరం కూర్చాడు. 1905లో తెలుగులో వెలువడిన ప్రథమాభ్యాస పుస్తకంలో ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వర సాహిత్యాలను ప్రకటించాడు. అవి ఆంగ్లేయుల బ్యాండు మెట్లకు వ్రాసిన సంస్కృత సాహిత్యాలు. కనుక వాటికి ఒకే కర్తను చెప్పడం సరికాదు.

కర్తృత్వ నిర్ణయంలో ఈయన మాటనే తుదిమాటగా తీసుకోలేము. వేంకటమఖివని ఈయన చెప్పిన లక్షణశ్లోకాలు, గీతాలు అనేకం ఆ తరువాతి కాలానివని పలువురు పరిశోధకుల అభిప్రాయం. ఆ పొరపాటును చర్చించే వీలు కలిగింది కూడా ఈయన పేరు వ్రాసి ఉంచడం వల్లనే. తరువాతి దశాబ్దాలలో గురుగుహ ముద్రతో మరెన్నో కృతులు అచ్చయ్యాయి. వాటి ప్రామాణికతపై వివాదం వచ్చినప్పుడు పండితులు మొదట చూసేది అవి ప్రదర్శినిలో ఉన్నాయా లేవా అన్నదే.

చివరి రోజులు, తరువాత

దీక్షితులు 1906లో ఎట్టయపురంలో మరణించాడు. ఆ ఊరివాడే అయిన తమిళ మహాకవి సుబ్రహ్మణ్య భారతి ఈయన మృతికి స్మృతిగీతం వ్రాశాడు. కుమారుడు అంబి దీక్షితులు మద్రాసు చేరి డి. కె. పట్టమ్మాళ్ వంటివారికి కీర్తనలు నేర్పాడు. మద్రాసు సంగీత అకాడమీ 1961 నుండి గ్రంథాన్ని తమిళ లిపిలో సంపుటాలుగా వెలువరించింది. తెలుగు మూలాన్ని ఆంధ్రప్రదేశ్ సంగీత నాటక అకాడమీ పునర్ముద్రించింది.

భారతదేశపు 1957 కాపీహక్కు చట్టం మొదట వ్రాతలోనో అచ్చులోనో ఉన్న సంగీతాన్నే సంగీత రచనగా గుర్తించింది. స్వరలిపిలో వ్రాసినా వ్రాయకపోయినా స్వరకర్త స్వరకర్తేనని 1994 సవరణ చెప్పింది. ప్రస్తుత చట్టం ప్రకారం ఈ హక్కు కర్త మరణానంతరం 60 ఏళ్ళు ఉంటుంది. ఆ గడువు ఏనాడో దాటినందున దీక్షితుల మూలగ్రంథాన్ని ఎవరైనా అచ్చువేసుకోవచ్చు, కంప్యూటరులోకి ఎక్కించుకోవచ్చు.