గాయాన్ని లోపలినుండి చూచిన వైద్యుడు

గాయమును మాన్పునది దేహమే. మందు చేయగలిగినదల్లా దానికి అడ్డు తొలగించుట, కావలసిన దినుసు సమకూర్చుట. ఈ రెండు పనులకును తన జీవితమంతా ధారవోసిన తెలుగువారు డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో జన్మించినారు. తండ్రి జగన్నాథంగారు, తల్లి వెంకమ్మగారు. ఇంట లేమి, చదువు తిన్నగా సాగలేదు. మెట్రిక్యులేషను మూడవసారిగాని గట్టెక్కలేదు. బిడ్డను చదివించుటకు తల్లి ఒంటిమీది బంగారమును సైతము అమ్ముకొన్నది. తరువాత ఆయన మదరాసు వైద్యకళాశాలలో చేరినారు.

అవి సహాయనిరాకరణోద్యమపు రోజులు. సుబ్బారావుగారు ఖద్దరు అంగీతో శస్త్రచికిత్సశాలకు వెళ్లగా ఆంగ్లేయ ఆచార్యునికి ఆగ్రహము కలిగినది. పర్యవసానముగా ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే చేతికి వచ్చినది. కత్తి పట్టి గాయములకు చికిత్స చేయు దారి ఆ విధముగా ఇరుకైనది. మదరాసులోనే ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద కళాశాలలో బోధకులుగా పనిచేసినారు.

ఇంతకు మించిన గాయము ఇంటిలోనే తగిలి ఉన్నది. ఇద్దరు సోదరులు కొద్దిరోజుల వ్యవధిలో స్ప్రూ అనెడి సంగ్రహణి వ్యాధితో మరణించినారు. తిన్న తిండి వంటబట్టక, నెత్తురు క్షీణించి మనిషి కృశించిపోవు వ్యాధి అది. నాటి వైద్యము దానికి ఏమియు చేయలేకపోయినది. ఆ అశక్తతయే ఆయనను పరిశోధనవైపు నడిపినది.

మామగారైన కస్తూరి సూర్యనారాయణమూర్తిగారి సాయముతో, భార్య శేషగిరిగారిని పుట్టింట విడిచి, బోస్టను చేరినారు. రాత్రులు ఆసుపత్రిలో కూలిపని, పగలు హార్వర్డులో చదువు. 1925లో ఫిస్కేగారితో కలిసి, నెత్తురులోను కణజాలములోను భాస్వరము ఎంత ఉన్నదో నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని ప్రకటించినారు. ఆ కొలత చేతబట్టుకొనియే 1927లో కండరములలోని ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో ఏ.టి.పి.ని వెలికితీసినారు. అదే ఏడు జర్మనీలో లోమాన్ సైతము ఏ.టి.పి.ని కనుగొన్నారు. కండ కదలుటకేగాక, తెగిన చోట క్రొత్త కణము పుట్టుటకును, కాలిన చోట క్రొత్త చర్మము అల్లుకొనుటకును దేహము వెచ్చించు శక్తి ఈ ఏ.టి.పి. రూపముననే ఖర్చగుచున్నది.

అంతటి కృషి చేసినను హార్వర్డులో స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లే ప్రయోగశాలకు మారి, పరిశోధనల అధిపతి అయినారు. అచ్చట ఆయన బృందము ఫోలిక్ ఆమ్లమును తయారుచేయగలిగినది. కణములు విభజన చెందవలెనన్న ఇది తప్పనిసరి. సోదరులను బలిగొన్న స్ప్రూకు ఇది మందైనది. అప్పటికి వారు గతించి పాతికేండ్లు దాటినవి. ఫోలిక్ ఆమ్లమునకు విరోధిగా అచ్చటనే రూపొందిన అమినాప్టెరిన్‌ను డాక్టరు ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సరుపై ప్రయోగించి, 1948లో ఫలితములు ప్రకటించినారు. బోదకాలు వ్యాధికి హెట్రజాన్ ఆ ప్రయోగశాలనుండి వచ్చినదే.

కాలిన రోగి విషయములో తొలి ప్రమాదము గడచిన పిమ్మట, చర్మపు కాపు లేని ఒంటిలోనికి క్రిములు చొరబడుటయే పెద్ద గండము. సుబ్బారావుగారి అధిపత్యమున డగ్గర్ అను వృద్ధ శాస్త్రజ్ఞుడు మట్టిలోని సూక్ష్మజీవినుండి తీసిన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది. టెట్రాసైక్లిన్ జాతి మందులలో ఇది మొదటిది. పెక్కు తెగల క్రిములపై పనిచేసినది. నేడు కాలిన గాయములకు వేరు మందులు ఉన్నవి. టెట్రాసైక్లిన్‌కు లొంగని క్రిములును పెరిగినవి. ఐనను ఆ జాతి మందుల వాడుక పోలేదు.

ఆరియోమైసిన్ వెలువడిన ఏడాదియే, ఆగస్టు నెలలో, నిద్రలోనే ఆయన కన్నుమూసినారు. వయస్సు 53 ఏండ్లు. స్వదేశమునకు తిరిగి రాలేదు. భార్యను మరల చూడలేదు. అమెరికా పౌరసత్వమును తీసికొనలేదు. పరాయి నేలపై కీర్తి ఇతరులకు పోయినదని ఏనాడును రచ్చకెక్కలేదు. శతజయంతి సందర్భమున 1995లో భారత ప్రభుత్వము ఆయన పేర తపాలాబిళ్ల వెలువరించినది.

నేడు హైదరాబాదుకు ఉత్తరమున దుండిగల్, గాగిల్లాపూర్ ప్రాంతములలో మందుల కర్మాగారములు నడచుచున్నవి. వాటి గేట్లలోనికి తెల్లవారుజామున పోవు తెలుగు యువకులలో ఎందరికి ఈ పేరు తెలియునో! ఒక తెలుగు ఇంటిలో మందు లేక రెండు ప్రాణములు పోయినవి. ఆ ఇంటివాడే ఆ మందును లోకమునకు అందించినాడు. ఇంతకంటె వారికి చెప్పదగిన కథ మరొకటి లేదు.