అభయదీక్ష వహించిన సిద్ధేంద్రయోగి

ఇంద్రకీలాద్రి పాదముల నొరసికొని పారు కృష్ణవేణి బెజవాడ దాటిన పిదప సమతలమున విస్తరించి, దక్షిణముగా సాగి, హంసలదీవి చెంత సాగరమున లీనమగుచున్నది. ఈ నడిమి సీమ వేణుగోపాలునకు నచ్చిన నెలవు. మొవ్వలో నాతడే, హంసలదీవిలో నాతడే. శ్రీకాకుళమున ఆంధ్రమహావిష్ణువు కొలువై యున్నాడు. 1957లో వెలసిన ప్రకాశం బరాజు మీదుగా నిమిషములలో నావలి యొడ్డు చేరు నేటి యాత్రికునకు, వంతెన యనునదే లేని దినములలో ఈ నది ఎంతటి భయకారణమో తోచదు. ఎక్కడనో ఎగువ సీమలలో వాన కురియును. ఇచట నాకసము తేటగా నుండగనే ఏరు పొంగి వచ్చును. అట్టి పొంగులో నొకనాడు ఒక యువకునకు ప్రాణభీతి కలిగెను. కూచిపూడి భాగవతుల చరిత్రకు ఆ భీతియే నాంది యని పెద్దలు చెప్పుదురు.

ఆ యువకుని పేరు సిద్ధప్ప. తల్లిదండ్రులు లేనివాడు, పరుల దయవలన పెరిగినవాడు. ఉడుపి చేరి, శ్రీకృష్ణమఠముల నీడలో శాస్త్రములు చదివి, భాగవతమునందును నాట్యమునందును ప్రజ్ఞ గడించి స్వదేశమునకు మరలెను. ఆనాటి యాచారము చొప్పున బాల్యముననే వివాహమైనది. విద్య ముగిసినది గనుక భార్యను కాపురమునకు దెచ్చుకొనుటకై అత్తవారింటికి బయలుదేరెను. ఆ యూరు ఏటి కావలి యొడ్డున నున్నది. పడవ దొరకలేదు. దిక్కులేక పెరిగినవానికి ఒక యిల్లు, ఒక సంసారము ఏర్పడనున్న దినమది. ఆ తొందరలో ఏటి నీదుటకు సాహసించెను.

నడి యేట నీరు పెరిగినది. చేతులు సొలసినవి. వెనుకకు మరలుటకును, ముందునకు పోవుటకును శక్తి చాలదయ్యెను. అప్పు డతడు స్వామిని తలచి, ఈ గండము గడిచినచో సంసారము త్యజించి శేషజీవితమును శ్రీకృష్ణున కర్పింతునని సంకల్పించి, ఆ ప్రవాహమధ్యముననే సన్న్యసించెను.

దీనిని ఆతురసన్న్యాస మందురు. మరణ మాసన్నమైనవానికి హోమాదికములు చేయ నవకాశ ముండదు గనుక వాక్కుతో గాని మనస్సుతో గాని సన్న్యసింపవచ్చునని శాస్త్ర మనుజ్ఞ యిచ్చినది. ఇందొక విశేషము గలదు. సన్న్యాసవిధిలో ముఖ్యాంగము అభయదానము: నావలన ఏ ప్రాణికిని భయము గలుగకుండుగాక యని సర్వభూతములకును మాట యిచ్చుట. తన ప్రాణమునకే దిక్కు తోచక వణకుచున్నవాడు లోకమున కెల్ల అభయ మిచ్చుచున్నాడు! చేత లేని ధనమును దానము చేసినట్లున్నది. ఆ ధనమును సంపాదించుటకే సిద్ధప్పకు తక్కిన జీవిత మంతయు పట్టినది.

ఏరు తీసినది. అతడు బ్రతికి యొడ్డు చేరెను.

నిజమైన పరీక్ష అక్కడ మొదలైనది. భయమున నాడిన మాటకు భయము తొలగిన పిమ్మట విలువ యేమని లోకము ప్రశ్నించును. సాక్షులు లేరు. నది యొక్కటియే విన్నది. తడి వస్త్రములతో అత్తవారింటికి బోయి, జరిగినది దాచి, సంసారము నడపుకొనినచో నడుగువా డెవ్వడు? పైగా అనాథకు ఇల్లనగా నెంత యాశయో చెప్పనక్కరలేదు. సిద్ధప్ప దాచలేదు. ఎదురుచూచుచున్నవారి యెదుట నిలిచి తన సంకల్పమును వెల్లడించెను. ఏటిలో మునుగుటకన్న ఆ గడపలో నోరు విప్పుటకు ధైర్యము హెచ్చుగా కావలసియుండును.

ఆ యింటి యాడుబిడ్డను గూర్చి మన సంప్రదాయకథలు మిక్కిలి తక్కువ పలుకును. ఇది యొక లోపమే. భర్త ప్రాణముతో వచ్చెనన్న సంతోషమును, అతడిక తనవాడు కాడన్న వార్తయు ఆమెకు ఒక్క గడియలోనే చేరినవి. ఆమె యేమనెనో, ఎట్లు బ్రతికెనో ఎవ్వరును పాడలేదు. అయినను సిద్ధేంద్రుడు తరువాత రచించిన భామాకలాపమున విరహిణి పడు వేదనను చూచినచో, ఆవలి యొడ్డున నిలిచిపోయిన యా బాలికను అతడు మరువలేదని తలచుట తప్పు గాదు.

ఇట్టి కథయే కృష్ణలీలాతరంగిణీకర్త నారాయణతీర్థులను గూర్చియు చెప్పబడుచున్నది. సిద్ధేంద్రుడు ఆయన శిష్యుడని కొంద రందురు. కాలనిర్ణయమునను పండితులకు ఏకాభిప్రాయము లేదు. కొందరు పదునాలుగవ శతాబ్దికిని, మరికొందరు పదునేడవ శతాబ్దికిని చేర్చుదురు. కూచిపూడివారు విజయనగర ప్రభువుల యెదుట ప్రదర్శన మిచ్చిరని మాచుపల్లి కైఫియతు చెప్పుచున్నది. ఈ వివాదమును చరిత్రకారులకు విడుచుట మేలు.

సన్న్యాసి యైన సిద్ధేంద్రుడు హరిసేవకై యెన్నుకొనిన మార్గము మఱియొక గండమును దెచ్చెను. అది నాట్యము. ఆటకును పాటకును దేవదాసీలు, వేశ్యలు ఉండిరి. బ్రాహ్మణుడు నటవృత్తి నవలంబించుట ధర్మశాస్త్రకారులకు సమ్మతము కాదు. దానికి తోడు కావి గట్టిన యతి శృంగారనాయికను వర్ణించుట! జనులేమందురో అతనికి తెలియకపోదు. ప్రాణభయము ఒక్క మునకతో తీరును. లోకనిందాభయము ప్రతి దినమును ఎదురుపడుచునే యుండును. అయినను మధురభక్తియే తన సాధనమని నిశ్చయించుకొని, పారిజాతకథను గ్రహించి, జీవుని సత్యభామగా భావించి కలాపము రచించెను.

రచించినంతమాత్రమున నాడువా రెవ్వరు? కూచిపూడి అగ్రహారమున వేదము వల్లించు నిండ్లలోని బాలురను అడిగెను. పిల్లవానికి స్త్రీవేషము గట్టి రచ్చలో నిలుపుటకు ఏ తండ్రి సులభముగా నొప్పుకొనును? సిద్ధేంద్రుడు వారిని ఒప్పించెను. అగ్రహారమున పుట్టిన ప్రతి పురుషుడును జన్మమున నొక్కమారైనను సత్యభామ వేషము ధరించి తీరవలెనని వారిచే ప్రతిజ్ఞ చేయించెనట. తాను ఏటిలో చేసిన ప్రతిజ్ఞ నిలుపుకొనినవాడు గనుకనే ఇతరులను ప్రతిజ్ఞ యడుగుట కర్హు డయ్యెను.

ఆ భామ యెట్టిది? తెరవెనుక నుండియే తన పొడవైన జడను తెరపై నుండి ముందునకు వేయును. సౌందర్యమున, విద్యలో తన్ను మించువారున్నచో వచ్చి జయింపవచ్చునని సవాలు. అద్దమున చూచుకొని, ఇరువురిలో నెవ్వరు చక్కనివారని కృష్ణునితోనే వాదము పెట్టుకొనును. స్వామి విడిచి వెడలును. అంతటితో గర్వము స్థానమున బెంగ చేరును. చెలికత్తె మాధవి నీ భర్త పేరేమని యడుగును. పతి పేరు చెప్పరాదను నాచారము చేత, సిగ్గు చేత చెప్పలేక చెప్పలేక చెప్పును. తుదకు లేఖ వ్రాసి పంపును. జడ వేసి సవాలు చేసిన చేయి ఆ లేఖ వ్రాయునప్పుడు వణకును. నడి యేట చేతులు సొలసి, స్వామిని పిలిచినవాడు గాక మరియొకడు ఈ ఘట్టమును ఇట్లు నడుపలేడు.

గోలకొండ నేలిన అబుల్ హసన్ తానీషా (1672–1687), రామదాసు కథలో మనమెరిగిన యా ప్రభువే, కూచిపూడివారి యాట చూచి సంతసించి ఆ గ్రామమును భాగవత కుటుంబముల కిచ్చెనని ప్రతీతి. వేదాంతము, వెంపటి, చింతా మున్నగు నింటిపేర్లవారు దీవిలోని యెండలకు, తుపానులకు, పేదరికమునకు నోర్చి ఊరూర మేళములు గట్టి తిరిగిరి. ఇరువదవ శతాబ్దిలో వేదాంతం లక్ష్మీనారాయణశాస్త్రి (1956లో పరమపదించిరి) పెద్దల యభ్యంతరములను లెక్కింపక స్త్రీలకును ఈ విద్య నేర్పిరి. ఊరిలో సిద్ధేంద్రయోగి పేరనే కళాపీఠము వెలసినది.

2012లో దివంగతులైన వేదాంతం సత్యనారాయణశర్మ సత్యభామ వేషమునకు దేశమంతట పేరు గాంచిరి. కూచిపూడి యాటలో నేటికిని ముందుగా కానవచ్చునది భామ ముఖము గాదు. ఇరువురు తెర పట్టుకొని నిలుచుదురు, మృదంగము మ్రోగును, తెరమీదుగా జడ వచ్చి వ్రాలును. ఆ వేషమున నున్న బాలుడు తెర వెనుక తన యూరిలోని ముందుతరములవారు చేసినట్లే ఒక్క క్షణ మూపిరి బిగబట్టి, అడుగు ముందునకు వేయును.