గిజిగాడి గూటి గుట్టు విప్పిన సలీం అలీ

బావి మీదికి వంగిన ఈతచెట్టుకో, తుమ్మచెట్టుకో వేలాడే గిజిగాడి గూళ్ళను చూడనివారు మా హాస్టల్లో ఎవరూ ఉండరు. ఆ గూటిలో జరిగే సంసారాన్ని ఓపికగా గమనించి లోకానికి వివరంగా చెప్పిన మహనీయుడు డాక్టర్ సలీం అలీ. అమ్మానాన్నలకు దూరంగా ఉండి చదువుకుంటున్న మాకు ఆయన జీవితం ఎంతో దగ్గరగా అనిపిస్తుంది.

సలీం అలీ 1896 నవంబర్ 12న బొంబాయిలో పుట్టారు. ఏడాది వయసులో తండ్రిని, మూడేళ్ళ వయసులో తల్లిని పోగొట్టుకున్నారు. మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ, అత్తయ్య హమీదా బేగం ఆయన్ని పెంచారు. సుమారు పదేళ్ళప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకను కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో అడుగుదామని బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళారు. కార్యదర్శి మిల్లార్డ్ దొర దాని పేరు చెప్పడమే గాక, అక్కడ భద్రపరిచిన పక్షులన్నిటినీ చూపించారు. ఆయన జీవితానికి దారి చూపింది ఆ పిచ్చుకే.

కానీ ఆ దారి నిండా ముళ్ళే. యూనివర్సిటీ డిగ్రీ లేదని ప్రభుత్వ జంతుశాస్త్ర సర్వే సంస్థలో ఉద్యోగం రాలేదు. 1926లో బొంబాయి మ్యూజియంలో గైడ్ లెక్చరర్‌గా చేరారు. తర్వాత జర్మనీ వెళ్ళి స్ట్రెసెమాన్ అనే పండితుని వద్ద పక్షిశాస్త్రం నేర్చుకొని 1930లో తిరిగివచ్చారు. తీరా చూస్తే, డబ్బు లేదని ఆ ఉద్యోగాన్నే తీసేశారు.

చేసేది లేక భార్య తెహ్మీనాతో కలిసి సముద్రతీరంలోని కిహిం గ్రామంలో ఉన్నారు. అక్కడ గిజిగాళ్ళు గూళ్ళు కడుతుంటే గంటల తరబడి కదలకుండా కూర్చుని చూశారు. మగపక్షి గడ్డిపోచలతో గూడు సగం అల్లుతుంది. ఆడపక్షి వచ్చి పరిశీలిస్తుంది. నచ్చితే అందులో కాపురం పెడుతుంది. మగపక్షి ఆ గూడు పూర్తిచేసి, మరో ఆడపక్షి కోసం ఇంకో గూడు మొదలుపెడుతుంది. గుడ్లు పొదిగే భారమంతా తల్లిదే. ఈ విషయాలను ఆయన 1931లో ప్రచురించారు. ఉద్యోగం పోయిన కాలమే ఆయనకు పేరు తెచ్చింది.

అల్లడం అందరికీ కనిపించే పని. పొదగడం ఎవరికీ కనిపించదు. తల్లి ఊరికే కూర్చున్నట్టే ఉంటుంది. విశ్రాంతిగా కూర్చున్న పిట్టకు పెద్ద ఖర్చేముంటుందని కొందరు శాస్త్రవేత్తలు కూడా ఒకప్పుడు అనుకున్నారు. తర్వాత కొలిచి చూస్తే సంగతి వేరుగా తేలింది. గుడ్డు సుమారు 37 డిగ్రీల వెచ్చదనంలో ఉండాలి. తల్లి పొట్ట మీది ఈకలు రాలిపోయి, రక్తనాళాలు నిండిన చర్మం నేరుగా గుడ్డుకు తగులుతుంది. తన తిండి నుంచి పుట్టిన వేడినే గుడ్లకు ధారపోస్తుంది. మేతకు వెళితే గుడ్లు చల్లబడతాయి, తిరిగివచ్చి మళ్ళీ వేడెక్కించాలి. వెళ్ళకపోతే తన కడుపు మాడుతుంది. యూరప్‌లో గ్రేట్ టిట్ అనే చిన్న పిట్ట గూట్లో అదనంగా గుడ్లు పెట్టి చూస్తే తల్లికి శక్తి ఖర్చు పెరిగింది. గూటిపెట్టెను కాస్త వెచ్చబరిస్తే తల్లి ఎక్కువసేపు గుడ్ల మీద కూర్చోగలిగింది.

కిహిం తర్వాత సలీం అలీ మన నేలకూ వచ్చారు. జీతం వద్దు, ఖర్చులిస్తే చాలని చెప్పి 1931లో హైదరాబాద్ సంస్థానంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు. 1939లో తెహ్మీనా మరణించారు. ఆ దుఃఖంలోనూ పని ఆపలేదు. 1941లో భారతీయ పక్షుల పుస్తకం వెలువడింది. రిప్లేతో కలిసి రాసిన పది సంపుటాల గ్రంథం 1974 నాటికి పూర్తయింది. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1985లో రాజ్యసభ సభ్యులయ్యారు. 1987 జూన్ 20న కన్నుమూశారు.

మిత్రులారా! అమ్మానాన్న లేని ఆ పసివాడికి మేనమామ ఇంటి వెచ్చదనం దొరికింది. మాకోసం ఎండలో కూలికి వెళ్ళే అమ్మ, తెల్లవారకముందే పొయ్యి వెలిగించే వంటమనిషి, రాత్రి స్టడీ అవర్‌లో మాతోపాటు మేలుకొనే వార్డెన్ సారు కూడా తమ వేడిని మాకిస్తున్నవారే. ఆ ఖర్చు ఎంతో మేం లెక్క కట్టలేం. ఎక్కడ చదివినా, ఏ ఉద్యోగంలో ఉన్నా ఆ వెచ్చదనాన్ని మరచిపోకూడదనీ, మా తర్వాత వచ్చే తమ్ముళ్ళకు అందించాలనీ మేమంతా కోరుకుంటున్నాం.