పేరు చివర ఒక అక్షరం

పోయిన సెమిస్టర్‌లో క్యాంపస్ మొక్కల లిస్టు తయారుచేసే పని మా బ్యాచ్‌కి వచ్చింది. కోడ్ రాసుకునేవాళ్ళకి మొక్కలతో ఏం పని అనుకున్నాం. మందారం, గన్నేరు, పారిజాతం... శాస్త్రీయ నామాలు వెతికి ఎక్సెల్‌లో ఎక్కిస్తుంటే మూడింటి చివరా 'ఎల్.' అనే అక్షరం కనిపించింది. టైపింగ్ మిస్టేక్ అనుకుని తీసేశాను కూడా. తర్వాత తెలిసింది, అది ఒక మనిషి పేరని. ఆయనే కార్ల్ లిన్నేయస్.

1707లో స్వీడన్‌లోని ఒక పల్లెలో పుట్టాడు. తండ్రి చర్చి పాస్టర్, మొక్కలంటే ప్రాణం. వాళ్ళ ఇంటిపేరు కూడా పొలంలో ఉన్న పెద్ద లిండెన్ చెట్టు నుంచి వచ్చిందే. 1728లో ఉప్సల యూనివర్సిటీకి వచ్చేసరికి లిన్నేయస్ చేతిలో డబ్బుల్లేవు. చిరిగిన బూట్లలో కాగితాలు పెట్టుకుని నడిచేవాడు. మరుసటి ఏడాది యూనివర్సిటీ తోటలో మొక్కల్ని పరిశీలిస్తుంటే ఓలోఫ్ సెల్సియస్ అనే ప్రొఫెసర్ చూసి మాట కలిపాడు. మన సెంటీగ్రేడ్ స్కేలు సెల్సియస్‌కి ఈయన బాబాయ్. కుర్రాడికి తెలిసింది చూసి ఆశ్చర్యపోయి, తన ఇంట్లోనే చోటిచ్చాడు. 1730లో, అంటే అక్కడ రెండో ఏడాదిలోనే, లిన్నేయస్ అదే తోటలో పాఠాలు చెప్పాడు!

1702 నాటి అగ్నిప్రమాదం తర్వాత ఆ తోట సరిగ్గా కోలుకోలేదు. 1741లో ప్రొఫెసర్ అయ్యాక లిన్నేయస్ దాన్ని మళ్ళీ నిలబెట్టాడు. 1748లో అందులోని మొక్కలన్నిటినీ వివరిస్తూ పుస్తకం వేశాడు. అంటే మా లిస్టు పనే, కాకపోతే ఎక్సెల్ లేకుండా. అప్పట్లో ఒక్కో మొక్క పేరు ఒక వాక్యమంత పొడుగుండేది. 1753లో దాదాపు 5,900 మొక్కలకి రెండేసి మాటల పేర్లు పెట్టాడు. తర్వాత్తర్వాత విడి కాగితాల మీద నోట్స్ రాసుకునేవాడు. కొత్తది దొరికితే మధ్యలో దూర్చేయొచ్చు. మా డేటాబేస్ సార్ వింటే మురిసిపోతారు.

అన్నీ మంచి పనులే అనలేం. 1758లో మనుషుల్ని కూడా ఖండాన్ని, రంగుని బట్టి విడదీసి గుణాలు అంటగట్టాడు. ఆ తప్పు చాలాకాలం చాలామందిని బాధించింది. మన దేశపు మొక్కల గురించి ఆయన తెలుసుకున్నది కూడా చాలావరకు మలబారు మొక్కల మీద డచ్చివాళ్ళు వేసిన పుస్తకంలోంచే. ఆ పుస్తకం వెనకున్నది కేరళ వైద్యుల జ్ఞానం. మొక్కల పేర్ల చివర మాత్రం వాళ్ళ అక్షరం లేదు.

1774లో పక్షవాతం వచ్చింది, తర్వాత ఇంకోసారి. వేల మొక్కలకి పేర్లు పెట్టిన మనిషికి చివర్లో తన పేరే గుర్తుండేది కాదంటారు. 1778 జనవరి 10న చనిపోయాడు.

నేను తీసేసిన 'ఎల్.'ని మళ్ళీ టైప్ చేశాను. పక్కన ఇంకో కాలమ్ కూడా చేర్చాను. అందులో ఉన్నవి మా తోటమాలి తాత చెప్పిన పేర్లు. ఆయన్ని అడగాలని మాకు అంతవరకు తట్టనే లేదు.